హార్డ్ డిస్క్ పెట్టగానే ల్యాప్‌టాప్ ఆగిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లుగా బెంగళూరులో సిస్టమ్ సపోర్ట్ పనిలో ఉన్నాను. ఇల్లు మారతహళ్ళి దగ్గర. మా వీధి పీజీల్లో ఉండే పిల్లల్లో చాలామంది అనంతపురం, కడప, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లే. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు బ్యాగ్ భుజాన వేసుకుని వచ్చి, "అన్నా, హార్డ్ డిస్క్ పెడితే సిస్టమ్ మొత్తం చచ్చిపోతోంది" అంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలే ఇవి. ఎక్కువమంది దగ్గర విండోస్ ఉంటుంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాను. మ్యాక్, లైనెక్స్ సంగతి కూడా కొంత ఉంది.

డ్రైవ్ పెట్టగానే బ్లూ స్క్రీన్ వస్తోంది. ముందు ఏం చేయాలి?

డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే, చాలామంది చేయనిది కూడా ఇదే. "ఇంకోసారి చూద్దాం" అంటూ పదిసార్లు పెట్టి తీస్తారు. ల్యాప్‌టాప్ కూలిన ప్రతిసారీ డ్రైవ్ మీద జరుగుతున్న పని మధ్యలో తెగిపోతుంది. ఫైళ్ల పట్టిక సగం రాసి ఉండగా కరెంటు పోయినట్టే లెక్క. మొదటిసారి బాగానే ఉన్న ఫోల్డర్లు అయిదోసారికి కనిపించకుండా పోవడం నేను కళ్లారా చూశాను.

తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా? ఉంటే నిదానంగా అన్ని ప్రయోగాలూ చేసుకోవచ్చు. లేకపోతే పద్ధతి పూర్తిగా మారిపోతుంది. ల్యాప్‌టాప్‌కి విండోస్ మళ్లీ ఎక్కించుకోవచ్చు, కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చు. నాన్నగారి షష్టిపూర్తి వీడియో మళ్లీ తీయించలేం. అందుకే ఈ జవాబులన్నిటిలో డేటా ముందు, ల్యాప్‌టాప్ తర్వాత.

స్క్రీన్ మీద వచ్చిన సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. అది తర్వాత పనికొస్తుంది.

బయట తగిలించిన చిన్న వస్తువు మొత్తం సిస్టమ్‌ని ఎలా పడేస్తుంది?

మామూలు యాప్ తప్పు చేస్తే విండోస్ ఆ ఒక్క యాప్‌నే మూసేస్తుంది. పరికరాలను నడిపే ప్రోగ్రాములైన డ్రైవర్ల సంగతి వేరు. యూఎస్‌బీ పోర్టును, డిస్కును, ఫైల్ సిస్టమ్‌ను నడిపే డ్రైవర్లు కెర్నల్ లోపల, అంటే సిస్టమ్ గుండెకాయలో పని చేస్తాయి. అక్కడ తప్పు జరిగితే అలాగే నడిపించడం ప్రమాదమని విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ అంటే అదే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన దేశంలో ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అక్కడ తప్పు జరిగింది కూడా కెర్నల్‌లో నడిచే డ్రైవర్‌లోనే.

డ్రైవ్ విషయంలో ఎక్కువగా జరిగేది ఎదురుచూపు. సిస్టమ్ ఒక ఫైల్ అడుగుతుంది. డ్రైవ్ జవాబు చెప్పదు, అలాగని "నా వల్ల కాదు" అని కూడా అనదు. ఆ జవాబు కోసం ఒక పని ఆగుతుంది, ఆ పని కోసం ఇంకొకటి ఆగుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర ఒక్క లారీ ఆగిపోతే బెళ్లందూరు దాకా ట్రాఫిక్ నిలిచిపోవడం బెంగళూరులో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

హ్యాంగ్ అవడం, బ్లూ స్క్రీన్ రావడం, ఉన్నట్టుండి ఆఫ్ అయిపోవడం: అన్నీ ఒకటేనా?

కాదు. ఆ తేడాలోనే సగం సమాధానం ఉంది.

మౌస్ కదులుతోంది, పాటలు వస్తున్నాయి, కానీ ఫోల్డర్ తెరుచుకోక పైన ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకుతోందంటే సిస్టమ్ పడిపోలేదు. ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే ఇరుక్కుంది. పాడైన సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు) కారణం కావచ్చు, లేదా వీడియోలకు చిన్న బొమ్మలు తయారు చేయలేక ఇబ్బంది పడుతుండవచ్చు.

బ్లూ స్క్రీన్ వస్తే డ్రైవర్ లేదా హార్డ్‌వేర్ సమస్య. 2025లో వచ్చిన అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో ఇది నల్ల స్క్రీన్‌గా మారింది. రంగు చూసి కొత్త జబ్బేమో అని కంగారు పడకండి.

ప్లగ్ పోర్టుకి తగిలీ తగలగానే ఏ సందేశమూ లేకుండా ల్యాప్‌టాప్ టప్పున ఆఫ్ అయిపోతే మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. షార్ట్ అవుతూ ఉండొచ్చు. పోర్టు లోపల పిన్ వంగి పక్కదానికి తగులుతుండవచ్చు, లేదా డ్రైవ్ బోర్డు కాలి ఉండవచ్చు. అలాంటి డ్రైవ్‌ను "నీ ల్యాప్‌టాప్‌లో చూద్దాం రా" అని రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి పెట్టొద్దు. ఒకటి పోయింది చాలక రెండోది కూడా పోతుంది. టార్చ్ వేసి పోర్టు లోపల, కేబుల్ చివర, డ్రైవ్ సాకెట్‌లో చూడండి. నల్లగా మాడిన మచ్చ, వంగిన పిన్, ఆకుపచ్చ చిలుము, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపేయండి.

తప్పు డ్రైవ్‌దా, కేబుల్‌దా, ల్యాప్‌టాప్‌దా? ఎలా తేల్చుకోవాలి?

ఒకసారి ఒక్కటే మార్చాలి. ఓపిక ఉంటే పని అయిపోయినట్టే. మొదట కేబుల్ మార్చండి, తర్వాత పోర్టు, ఆ తర్వాత ల్యాప్‌టాప్. మూడూ కలిపి మార్చి "ఇప్పుడు పని చేస్తోంది" అంటే ఏది దోషో ఎప్పటికీ తెలియదు.

కేబుల్‌తో ఎందుకు మొదలు పెట్టమంటున్నానో చెప్తాను. మా పై ఫ్లోర్‌లో మదనపల్లె ఆంటీ ఒకరుంటారు. కూతురి పెళ్ళి వీడియో, ఫొటోలు అన్నీ వీడియోగ్రాఫర్ ఒక 1 టీబీ పోర్టబుల్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. అది పెట్టినప్పుడల్లా అయిదు నిమిషాలకి బ్లూ స్క్రీన్. ల్యాప్‌టాప్ పోయిందని తేల్చేసుకుని, కొత్తది కొనడానికి అంకుల్ ధరలు కూడా చూస్తున్నారు. నేను డ్రైవ్‌ను బల్ల మీద పెట్టి కేబుల్ చూశాను. ఈ పోర్టబుల్ డ్రైవ్‌ల వైపు ఉండే ప్లగ్ వెడల్పుగా, పల్చగా, రెండు ముక్కలు అతికించినట్టు ఉంటుంది. దాని చుట్టూ ఉండే రేకు ఒక పక్క విచ్చుకుంది. ప్లగ్‌ను వేలితో కొంచెం పైకి లేపితే డ్రైవ్ లైటు వెలిగింది, వదిలితే ఆరిపోయింది. నిమిషానికి పదిసార్లు డ్రైవ్ ఊడిపోయి మళ్లీ తగులుతుంటే యూఎస్‌బీ డ్రైవర్ మాత్రం ఏం చేస్తుంది? కొత్త కేబుల్ తెచ్చి పెట్టాక దాదాపు రెండు గంటలు కూర్చుని మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేశాం, ఒక్కసారీ ఆగలేదు. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి ఆంటీ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

కేబుల్, పోర్టు మార్చినా ఒక డ్రైవ్‌తో మాత్రమే ఏ ల్యాప్‌టాప్ అయినా ఇబ్బంది పడుతుంటే డ్రైవ్ దోషం. ఏ డ్రైవ్ పెట్టినా, చివరికి పెన్ డ్రైవ్ పెట్టినా ఒక ల్యాప్‌టాప్ మాత్రమే పడిపోతుంటే ల్యాప్‌టాప్ దోషం. ఆ ల్యాప్‌టాప్, ఆ డ్రైవ్ కలిసినప్పుడే గొడవైతే డ్రైవర్లు, పవర్ సెట్టింగులు, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ వైపు చూడాలి. బయోస్, చిప్‌సెట్ డ్రైవర్లను ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే తీసుకోండి. "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

కరెంటు చాలకపోవడం అంటే ఏమిటి? ల్యాప్‌టాప్ చార్జింగ్ ఫుల్‌గానే ఉంది కదా?

బ్యాటరీ నిండుగా ఉండటం వేరు, పోర్టు ఇవ్వగలిగిన కరెంటు వేరు. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. చిన్న పోర్టబుల్ హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు 1 ఆంపియర్ దాకా లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అంత అక్కర్లేదు. ఆ మొదటి క్షణంలో కరెంటు చాలకపోతే పళ్లెం తిరగబోయి ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే "టిక్, వ్హీం, టిక్" అని వినిపిస్తుంది.

అడాప్టర్ లేని హబ్‌లో మౌస్, కీబోర్డ్, ఫోన్ చార్జింగ్, దానికి తోడు హార్డ్ డిస్క్ పెడితే అన్నీ కలిసి ఒకే పోర్టు కరెంటును పంచుకుంటాయి. డ్రైవ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. హబ్ తప్పదనుకుంటే సొంత అడాప్టర్ ఉన్నది కొనండి. పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వద్దు.

స్క్రీన్ మీద వచ్చిన ఆ పెద్ద పేరుకి అర్థం ఏమిటి?

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లతో నేను తరచుగా చూసేవి ఇవి.

డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని వస్తే నిద్రలోకి వెళ్లేటప్పుడో, లేచేటప్పుడో ఒక డ్రైవర్ సకాలంలో స్పందించలేదని. డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్ అంటే ఒక డ్రైవర్ తనకిచ్చిన సమయం దాటి ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుందని. డిస్కు జవాబు ఆలస్యమైనప్పుడు ఇది వస్తుంటుంది. బగ్‌కోడ్ యూఎస్‌బీ డ్రైవర్ అనేది పేరులోనే చెప్తోంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అని వస్తే ఫైళ్ల పట్టిక చెడి ఉండవచ్చు.

కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అని వస్తే మాత్రం బయటి డ్రైవ్‌ను అనుమానించడం ఆపి లోపలి డిస్కును, ర్యామ్‌ను చూడండి. సిస్టమ్ తనకు కావలసిన పేజీని తన డిస్కు నుంచే చదువుకోలేకపోయింది. బయటి డ్రైవ్ పెట్టిన సమయానికి కాకతాళీయంగా బయటపడి ఉంటుంది.

స్క్రీన్ ఫొటో తీయలేదు. ఇప్పుడు తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే భాగానికి వెళ్లి, కూలిన సమయానికి ముందు రెండు మూడు నిమిషాల్లో ఏముందో చూడండి. 41వ నంబర్ కెర్నల్ పవర్ చూసి చాలామంది అదే కారణం అనుకుంటారు. "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని చెప్పే నమోదు మాత్రమే అది, కారణం కాదు.

దానికి పైన, కింద డిస్క్ పేరుతో వచ్చిన నంబర్లు చూడండి. 7 అంటే చదవలేని చోటు తగిలింది. 11 అంటే కంట్రోలర్ తప్పు, కేబుల్‌ను, ఎన్‌క్లోజర్‌ను (డ్రైవ్ ఉండే బయటి డబ్బా) అనుమానించాలి. 153 అంటే ఒక పని మొదటిసారి జరగక మళ్లీ చేయాల్సి వచ్చింది. 129 డిస్క్ పేరుతో కాక స్టోరేజ్ డ్రైవర్ పేరుతో వస్తుంది, అంటే డ్రైవ్ పలక్కపోతే రీసెట్ చేయాల్సి వచ్చింది. ఒక 153 కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ వరసగా పది, ఇరవై కనిపిస్తే సమస్య డ్రైవ్ దారిలోనే ఉంది.

డ్రైవ్ ఆరోగ్యం ఎలా చూడాలి?

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. పైన కనిపించే "గుడ్" అన్న నీలం గడి చూసి సంబరపడిపోకండి, కింద పట్టిక చూడండి. ఐడీ 5 అని ఉన్న వరసలో చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు ఉంటాయి. 197లో చదవలేక తేలకుండా ఉన్నవి, 198లో ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. హార్డ్ డిస్కుల్లో ఈ మూడూ సున్నా ఉండాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వీటిని హెక్సా లెక్కలో చూపిస్తుంది కాబట్టి 197 అక్కడ సీ5 అని, 198 సీ6 అని కనిపిస్తుంది. 197లో ఉన్న అంకె వారం వారం పెరుగుతోందంటే ఆ డ్రైవ్ వెళ్లిపోతోందని అర్థం.

199 గురించి ఒక మాట. అది కేబుల్ తప్పుల లెక్క అని అంతటా రాసి ఉంటుంది. నిజమే, కానీ అది డ్రైవ్‌కీ, ఎన్‌క్లోజర్ లోపలి బోర్డుకీ మధ్య ఉండే సాటా లింకు (డ్రైవ్ డేటా పంపే లోపలి దారి) లెక్క. మీ యూఎస్‌బీ కేబుల్ ఎంత చెడిపోయినా ఆ అంకె మారదు. 199 సున్నా ఉంది కదా, కేబుల్ బాగానే ఉంది అనుకోవద్దు.

ఎర్రర్ చెకింగ్ నడపమని అందరూ చెప్తున్నారు. నడపనా?

డేటా వేరే చోట భద్రంగా ఉంటే నడపండి. డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. పది నిమిషాల పని.

డేటా ఇంకెక్కడా లేకపోతే, 197లో అంకె కనిపిస్తుంటే, దయచేసి నడపవద్దు. ఎర్రర్ చెకింగ్ వెనక నడిచే చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరి చేయడానికే పుట్టింది, మీ ఫైళ్లను కాపాడటానికి కాదు. పట్టికలో పొసగని వాటిని తీసేసి చక్కబెట్టేస్తుంది. చెడిపోతున్న డ్రైవ్ మీద గంటల తరబడి నడిస్తే ఆ కాస్త ప్రాణం కూడా దానికే ఖర్చవుతుంది. ముందు కాపీ చేయండి, అదీ ముఖ్యమైనవి ముందు: ఫొటోలు, సర్టిఫికెట్లు, ఇంటి పత్రాల స్కాన్‌లు. సినిమాలు చివర.

మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే లైనెక్స్‌లో డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టక్కర్లేదు. అందులో మూలం, గమ్యం తారుమారు చేస్తే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి అలవాటు ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

మూత మూసి, తెరిచాక సిస్టమ్ పడిపోతోంది. పని చేసేటప్పుడు బాగానే ఉంది.

కరెంటు ఆదా చేయడానికి విండోస్ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతుంది. కొన్ని డ్రైవ్‌లు, ముఖ్యంగా చవక ఎన్‌క్లోజర్లు, ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ఆ సెట్టింగ్ మీ ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆ పరికరాన్ని ఆఫ్ చేయడానికి అనుమతించే టిక్కు తీసేయండి. బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది. అన్నిటికన్నా సులువైన దారి, మూత మూసే ముందు డ్రైవ్ తీసేయడం.

డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోంది.

బూట్ వరసలో యూఎస్‌బీ ముందుంది. బయోస్‌లోకి వెళ్లి లోపలి డిస్కును మొదటికి తెచ్చుకోండి. అప్పటికీ ఆగిపోతుంటే ఆన్ అయ్యాకే డ్రైవ్ పెట్టండి.

చిన్న ఫైళ్లు బాగానే వెళ్తున్నాయి, 50 జీబీ కాపీ పెడితే మధ్యలో డ్రైవ్ మాయమై సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది.

డ్రైవ్ రకాన్ని బట్టి కారణం మారుతుంది.

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో చేసిన వేగవంతమైన డ్రైవ్) ఎన్‌క్లోజర్‌లో పెట్టి వాడుతుంటే వేడి చూడండి. పెద్ద కాపీలో అది బాగా వేడెక్కుతుంది. మొదట వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తట్టుకోలేకపోతే ఊడిపోతుంది. లోపల చిప్‌కీ మూతకీ మధ్య థర్మల్ ప్యాడ్ అతికించారో లేదో చూడండి. చాలాసార్లు ఆ ప్యాడ్ డబ్బాలోనే ఉండిపోతుంది. మంచం మీద దుప్పటిలో పెట్టి కాపీ చేయకండి. మూత చేతికి చురుక్కుమంటోందంటే మంచిదే, వేడి బయటికి వస్తోంది. లోపల మరుగుతూ మూత చల్లగా ఉంటేనే అనుమానించాలి.

పళ్లెం తిరిగే హార్డ్ డిస్కుల్లో కొన్ని ట్రాకులను ఒకదాని అంచు మీద ఒకటి పేర్చి రాస్తాయి. ఎస్ఎంఆర్ అంటారు. ఆగకుండా రాస్తూ పోతే వాటి వేగం దారుణంగా పడిపోతుంది. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు, విడతలు విడతలుగా కాపీ చేసుకోండి.

ఈ రెండూ కాకపోతే ఎన్‌క్లోజర్‌లో సాటా భాషను యూఎస్‌బీ భాషలోకి మార్చే బ్రిడ్జి చిప్‌ను అనుమానించాలి. యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతిలో కొన్ని చిప్‌లు తడబడతాయి. ఆ చిప్‌కి ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఉంటే వేయండి. లేకపోతే ఎన్‌క్లోజర్ మార్చండి, లోపలి డ్రైవ్ బాగానే ఉండి ఉంటుంది.

కరెంటు పోయినప్పుడల్లా సమస్య వస్తోంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా?

ల్యాప్‌టాప్‌కి ఉంది, డ్రైవ్‌కి లేదు. పెద్ద సైజు, అంటే 3.5 అంగుళాల డ్రైవ్‌లు గోడ ప్లగ్ నుంచి 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. బెస్కామ్ కరెంటు పోగానే ల్యాప్‌టాప్ ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉంటుంది, డ్రైవ్ మాత్రం రాస్తూ రాస్తూ చచ్చిపోతుంది. రెండు నిమిషాలకి జనరేటర్ వేస్తారు, డ్రైవ్ మళ్లీ లేస్తుంది. ఒక్క వాన సాయంత్రం ఇలా నాలుగుసార్లు జరగొచ్చు. అలాంటి డ్రైవ్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ అడాప్టర్ పిన్ గుండ్రంగా ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్ చార్జర్ల పిన్ కూడా అందులో పట్టేస్తుంది. ఒక తమ్ముడు ఇల్లు మారే హడావిడిలో 19 వోల్టుల చార్జర్‌ను 12 వోల్టుల డ్రైవ్‌కి గుచ్చాడు. ఒక్క క్షణం కాలిన వాసన, అంతే. అడాప్టర్‌కీ డ్రైవ్‌కీ ఒకే రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

మ్యాక్‌బుక్‌లో కూడా ఇలాగే అవుతుందా?

అవుతుంది, అక్కడ దాన్ని కెర్నల్ ప్యానిక్ అంటారు. రీస్టార్ట్ అయ్యాక ఒక రిపోర్ట్ చూపిస్తుంది. మ్యాక్ తనంతట తాను ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లను చదువుతుంది కానీ వాటిలో రాయదు. రాయడం కోసం వేసుకున్న బయటి సాఫ్ట్‌వేర్ పాతబడి, మ్యాక్ ఓఎస్ కొత్తదైపోయినప్పుడు గొడవలు వస్తుంటాయి. ముందు దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా తీసేసి చూడండి. తర్వాత డిస్క్ యుటిలిటీలో ఫస్ట్ ఎయిడ్. దానికీ అదే షరతు: డేటా ముందు.

లైనెక్స్‌లో?

టెర్మినల్‌లో కెర్నల్ లాగ్ తెరిచి పెట్టుకుని డ్రైవ్ తగిలించండి. ఏం జరుగుతోందో కళ్లముందే కనిపిస్తుంది, ఈ విషయంలో లైనెక్స్ అంత నిజాయితీగా మాట్లాడే సిస్టమ్ ఇంకోటి లేదు. యూఏఎస్ అబార్ట్ అనీ, రీసెట్ సూపర్‌స్పీడ్ అనీ వరసగా వస్తుంటే, ఆ ఒక్క డ్రైవ్‌కి యూఏఎస్ వాడొద్దని యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్ పారామీటర్‌లో చెప్పవచ్చు. వేగం కొంత తగ్గుతుంది, డ్రైవ్ నిలబడుతుంది.

విండోస్, లైనెక్స్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉండి డ్రైవ్ వివరాలు గుర్తు పెట్టుకుంటుంది. ఈలోగా లైనెక్స్ అదే డ్రైవ్‌లో మార్పులు చేస్తే ఇద్దరి లెక్కలూ కలవవు.

డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఏమవుతుంది?

విండోస్ 10 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ (రాయాల్సింది దాచుకోకుండా వెంటనే డ్రైవ్‌లో రాసేయడం) అనే పద్ధతి డిఫాల్ట్‌గా వచ్చింది. ఏమీ రాయని సమయంలో లాగితే సాధారణంగా నష్టం ఉండదు. కానీ వెనకాల యాంటీవైరస్ ఏం చదువుతోందో, ఏ యాప్ ఏం రాస్తోందో మీకు కనిపించదు. హార్డ్ డిస్క్ అయితే ఇంకో కారణం కూడా ఉంది: ఎజెక్ట్ కొడితే పళ్లెం మీది డేటా చదివే హెడ్ నెమ్మదిగా పక్కకి చేరి పళ్లెం ఆగుతుంది. తిరుగుతున్నదాన్ని లాగి బ్యాగ్‌లో వేసుకోవద్దు. నేను ఇప్పటికీ ప్రతిసారీ ఎజెక్ట్ కొడతాను.

ఫార్మాట్ ఏది పెట్టుకోవాలి?

విండోస్ మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్. మార్పులను ముందుగా జర్నల్‌లో రాసుకుంటుంది కాబట్టి సిస్టమ్ కూలినా కోలుకునే అవకాశం ఎక్కువ. మ్యాక్‌కీ విండోస్‌కీ మధ్య తిరిగే డ్రైవ్ అయితే ఎక్స్‌ఫ్యాట్, కానీ దానికి జర్నల్ లేదు, ఎజెక్ట్ తప్పనిసరి. ఫ్యాట్ 32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు.

700 రూపాయలకి 2 టీబీ పెన్ డ్రైవ్ దొరికింది. అది పెడితేనే హ్యాంగ్ అవుతోంది.

అది 2 టీబీ కాదు. లోపల చిన్న చిప్ పెట్టి, పెద్దదని అబద్ధం చెప్పేలా చేస్తారు. నిజమైన జాగా నిండాక రాసినదంతా గాల్లో కలిసిపోతుంది, లేదా పాతదాని మీదే పడుతుంది. హెచ్2 టెస్ట్ డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ డ్రైవ్ నిండా రాసి మళ్లీ చదివి నిజం చెప్తుంది. ఖాళీ డ్రైవ్ మీదే నడపండి.

డ్రైవ్ పెట్టగానే వైఫై తగ్గిపోయి, వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది. సిస్టమ్ హ్యాంగ్ అవుతున్నట్టేనా?

కాదు. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని ఇంటెల్ 2012లోనే రాసింది. మౌస్ రిసీవర్‌ను అవతలి పక్క పోర్టుకి మార్చండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇలా అవుతోంది. నేనే సరి చేసుకోవచ్చా?

వద్దు. చాలా కంపెనీలు బయటి డ్రైవ్‌లను ఆపేసే సాఫ్ట్‌వేర్ వేస్తాయి. అది కూడా కెర్నల్‌లోనే నడుస్తుంది, కొన్నిసార్లు కూలడానికి అదే కారణం. దాన్ని ఆపాలని రిజిస్ట్రీలో వేలు పెడితే సమస్య సిస్టమ్‌ది కాదు, మీ ఉద్యోగానిది అవుతుంది. ఐటీ టీమ్‌కి టికెట్ పెట్టండి. బయోస్ మార్పుల తర్వాత బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) కీ అడిగితే అది వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఎస్‌పీ రోడ్‌కి తీసుకెళ్తే ఏం చెప్పాలి?

కేబుల్, ఎన్‌క్లోజర్, అడాప్టర్ లాంటివైతే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్ మంచి చోటే. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. పాత కేబుల్ చేతిలో పట్టుకెళ్లండి, అక్కడే పెట్టి చూపించమనండి.

డేటా తీయాల్సి వస్తే మాట వేరు. డ్రైవ్ "కట్, కట్" అని కొట్టుకుంటుంటే కౌంటర్ మీద స్క్రూడ్రైవర్‌తో పళ్లెం మూత తెరవనివ్వకండి. దుమ్ము లేని గదిలో చేసే పని అది. చాలా పోర్టబుల్ డ్రైవ్‌ల్లో యూఎస్‌బీ సాకెట్ డ్రైవ్ బోర్డుకే అతికి ఉంటుంది, లోపల సాటా పిన్నులే ఉండవు. "విప్పి వేరే బాక్స్‌లో వేసేస్తాను" అన్నారంటే మీ మోడల్‌లో అది కుదురుతుందో లేదో ముందు అడగండి. కొన్నిటిలో బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ బోర్డు పారేస్తే డ్రైవ్ బాగున్నా ఫైళ్లు చదవలేం.

డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసి ఇవ్వండి: మొదట ఎప్పుడు ఆగింది, ఆ తర్వాత మీరు ఏమేం చేశారు, మీకు తప్పనిసరిగా కావలసిన ఫోల్డర్లు ఏవి. కింద పడేసి ఉంటే అది కూడా రాయండి. సీరియల్ నంబర్ ఫొటో తీసుకుని, రసీదు మీద ఆ నంబర్ వేయించుకున్నాకే డ్రైవ్ చేతికి ఇవ్వండి.